ఆస్టియోపతి అంటే ఏమిటి? అర్హత ఉన్న ఆస్టియోపాత్‌ని ఎలా గుర్తుపట్టాలి?

ప్రశ్న: ఐదు నెలలుగా నడుము కింది భాగంలో నొప్పి. ఎమ్మారైలో ఒక డిస్క్ కొంచెం ఉబ్బిందని వచ్చింది, ఆపరేషన్ అక్కర్లేదన్నారు. మాత్రలు వేసుకున్నన్ని రోజులు తగ్గి మళ్ళీ వస్తోంది. ఆస్టియోపాత్ దగ్గరికి వెళ్ళమని ఒకరు, మెడలు విరిచేస్తారు వెళ్ళొద్దని ఇంకొకరు. అసలు ఈ వైద్యం ఏమిటి? వెళ్తే నిజంగా చదువుకున్నవాళ్ళని ఎలా కనుక్కోవాలి?

జవాబు: ముందు పేరు సంగతి తేల్చుకుందాం, సగం గందరగోళం అక్కడే ఉంది. ఆస్టియోపాత్ అంటే ఎముకల డాక్టరు కాదు. ఎముకలకూ కీళ్ళకూ ఆపరేషన్లు చేసేవారు ఆర్థోపెడిక్ సర్జన్. ఆస్టియోపొరోసిస్ అనేది ఎముకలు గుల్లబారే జబ్బు. దానికీ ఈ వైద్యానికీ ఉన్న చుట్టరికం ‘ఎముక’ అనే గ్రీకు మాట ఒక్కటే. ఆస్టియోపాత్ చేతులతో తడిమి, కదిపి కండరాలనూ కీళ్ళనూ పరీక్షించి, ఎక్కువగా చేతులతోనే చికిత్స చేస్తాడు. మందు రాయడు, కోత పెట్టడు. అయితే ఈ ఆఖరి మాట అమెరికాలో చెల్లదు. ఎందుకు చెల్లదో తెలిస్తే బోర్డు మీద రాసిన అక్షరాలను చూసి మోసపోకుండా ఉంటారు.

ఈ పద్ధతిని 1874లో ప్రకటించినవాడు ఆండ్రూ టేలర్ స్టిల్ అనే అమెరికన్ వైద్యుడు. దానికి పదేళ్ళ ముందు ఆయన పిల్లలు ముగ్గురు మెనింజైటిస్‌తో (మెదడు, వెన్నుపాము పొరల వాపు) పోయారు. అప్పటి వైద్యమంటే పాదరసపు మందులు, రక్తం తీయడం, నల్లమందు. వాటి మీద నమ్మకం పోయి, శరీర నిర్మాణాన్నే పట్టుకుని వెతికాడు. 1892లో మిస్సోరీ రాష్ట్రంలోని కిర్క్స్‌విల్‌లో మొదటి కాలేజీ పెట్టాడు. ఆయన చెప్పినవాటిలో ఒకటి నిలబడింది: ఒళ్ళంతా ఒకదానికొకటి ముడిపడి ఉంటుంది, నొప్పి ఉన్నచోటే కారణం ఉండాలని లేదు. ఇంకొకటి కొట్టుకుపోయింది: ఎముకలు సరిగ్గా కూర్చోక రక్తం పారడం ఆగిపోవడమే రోగాలన్నిటికీ మూలం అన్నది. ఇప్పటికీ ఎవరైనా వెన్ను సరిచేస్తే షుగరు తగ్గుతుంది, ఆస్తమా పోతుంది అంటున్నారంటే వాళ్ళు 1874 దగ్గరే ఆగిపోయారని లెక్క.

స్టిల్ తర్వాత దారి రెండుగా చీలింది. అమెరికాలో ఆస్టియోపతి కాలేజీలు మెల్లమెల్లగా పూర్తి వైద్య కళాశాలలయ్యాయి. అక్కడ డి.ఓ. (డాక్టర్ ఆఫ్ ఆస్టియోపతిక్ మెడిసిన్) పట్టా ఉన్నవారు ఎం.డి.తో సమానమైన డాక్టర్లు: డిగ్రీ తర్వాత నాలుగేళ్ళ వైద్యవిద్య, ఆపైన రెసిడెన్సీ (ఆసుపత్రిలో స్పెషాలిటీ శిక్షణ), మందులు రాసే హక్కు, ఆపరేషన్ చేసే హక్కు. చేతి చికిత్సలో సుమారు 200 గంటల శిక్షణ అదనంగా ఉంటుంది. కానీ బయటికొచ్చాక గుండె డాక్టరుగానో మత్తుమందు డాక్టరుగానో స్థిరపడినవారు దాన్ని ఎప్పుడో మర్చిపోయి ఉంటారు. కాబట్టి అమెరికాలో డి.ఓ. అని కనిపించగానే నడుము పట్టి చూస్తారనుకోకండి. చేతి చికిత్స క్రమం తప్పకుండా చేస్తారా అని ఫోన్‌లోనే అడగాలి. దానికోసం ప్రత్యేకంగా న్యూరోమస్క్యులోస్కెలిటల్ మెడిసిన్ (నరాలు, కండరాలు, ఎముకల వైద్యం) అనే స్పెషాలిటీ ఉంది. ఆ బోర్డు సర్టిఫికెట్ ఉన్నవారైతే వెతుకులాట అక్కడితో సరి.

రెండో దారి ఇంగ్లండ్‌ది. స్టిల్ దగ్గర చదివిన జాన్ మార్టిన్ లిటిల్‌జాన్ 1917లో లండన్‌లో స్కూలు పెట్టాడు. బ్రిటన్, యూరప్, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్‌లలో ఆస్టియోపాత్ అంటే ఈ శాఖ మనిషి: నాలుగైదేళ్ళ ప్రత్యేక డిగ్రీ చదివిన చేతి వైద్యుడు, ఎం.బి.బి.ఎస్. డాక్టరు కాదు. ఇక్కడో తిరకాసు ఉంది. యూరప్‌లో కొన్ని సంస్థలు ఇచ్చే ‘డిప్లొమా ఇన్ ఆస్టియోపతి’ని కూడా డి.ఓ. అనే రాస్తారు. అవే రెండక్షరాలు ఒకచోట పూర్తి డాక్టరు, ఇంకోచోట డిప్లొమా. ఎవరైనా పేరు పక్కన డి.ఓ. అని పెట్టుకుంటే అది ఏ దేశంలో, ఏ సంస్థలో, ఎన్నేళ్ళు చదివితే వచ్చిందో అడగడం తప్పేమీ కాదు. సరైన మనిషి ఆ ప్రశ్నకు నొచ్చుకోడు.

ఇక చేతులతో ఏం చేస్తారు? బయట వీడియోల్లో కనిపించే ‘టక్’ శబ్దం ఇందులో చిన్న భాగం. మొదటిది కండరాలను అడ్డంగా, నెమ్మదిగా పిసికి సాగదీయడం. మసాజ్‌లా కనిపిస్తుంది కానీ ఒక కీలుకు పట్టు విడిపించడానికే చేస్తారు. రెండోది కీలును దాని కదలిక హద్దు వరకూ తీసుకెళ్ళి లయగా ఆడించడం. మూడోది మజిల్ ఎనర్జీ అనే పద్ధతి: బిగిసిన కండరాన్ని మీచేతే తక్కువ బలంతో నాలుగైదు సెకన్లు నెట్టించి, అది వదిలాక ఇంకొంచెం సాగదీసి, అలా మూడు నుంచి ఐదుసార్లు చేస్తారు. వయసు పైబడినవారికి, టక్ మనిపిస్తే భయపడేవారికి ఇది బాగా కుదురుతుంది. కౌంటర్‌స్ట్రెయిన్ ఇంకా మెత్తనిది: నొప్పి చుక్క మీద వేలు పెట్టి, ఏ భంగిమలో ఆ నొప్పి పోతుందో వెతికి అక్కడే సుమారు 90 సెకన్లు పట్టుకుని, మెల్లగా తిరిగి తెస్తారు. ఇక శబ్దం వచ్చేది థ్రస్ట్: హద్దు దగ్గర చాలా వేగంగా, చాలా కొద్ది దూరం ఇచ్చే కుదుపు.

ఆ శబ్దం గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. అది తప్పిపోయిన ఎముక చోటికి వచ్చి కూర్చున్న చప్పుడు కాదు. మెటికలు విరిచినప్పుడు వచ్చేదే: కీలులోని ద్రవంలో పీడనం ఒక్కసారిగా తగ్గి వాయువు బుడగ కడుతుంది. అందుకే విరిచిన వేలిని వెంటనే మళ్ళీ విరవలేం, సుమారు 20 నిమిషాలు ఆగాలి. శబ్దం వస్తేనే చికిత్స జరిగినట్టు, రాకపోతే జరగనట్టు కాదు. వెన్నుపూస నిజంగా తప్పితే అది ఆసుపత్రి కేసు. చేతితో నొక్కి కూర్చోబెట్టే విషయం కాదు. ‘మీ పూస పక్కకు జరిగింది, నేను లోపలికి నెట్టాను’ అనే ఆస్టియోపాత్ పాత పుస్తకం చదివి ఉంటాడు, లేదా మీకు అర్థమవుతుందని అబద్ధం చెబుతూ ఉంటాడు. రెండూ మంచివి కావు. ఈ మాటల్లో ఇంకో నష్టం ఉంది. నడుము పెళుసుగా ఉంది, ఎప్పుడైనా జారిపోతుంది అన్న భయం మనసులో పడితే మనిషి వంగడం మానేస్తాడు, బరువెత్తడం మానేస్తాడు, నొప్పి ఇంకా ముదురుతుంది.

మీ ఎమ్మారై సంగతీ ఇంతే. నొప్పి అంటూ ఏమీ లేనివారికి స్కాన్లు తీసి చూసిన అధ్యయనాలన్నిటినీ 2015లో కలిపి లెక్కేస్తే, 20 ఏళ్ళవారిలోనే 30 శాతం మందికి, 50 ఏళ్ళకు 60 శాతానికి, 80 ఏళ్ళకు 84 శాతానికి డిస్క్ ఉబ్బు కనిపించింది. తల నెరవడం లాంటిదే అది. రిపోర్టులో ఉబ్బు కనిపించగానే అదే మీ నొప్పికి కారణమని తేలిపోదు. కాలులోకి పాకే నొప్పి, తిమ్మిరి, బలం తగ్గడం ఆ నరం దారిని సరిగ్గా అనుసరిస్తేనే రిపోర్టుకు విలువ. మంచి ఆస్టియోపాత్ స్కాన్ కవరు కంటే ముందు మీ కాళ్ళను చూస్తాడు.

పనిచేస్తుందా అంటే, నడుము నొప్పికి కొంత పనిచేస్తుంది, అద్భుతాలు చేయదు. బ్రిటన్ ఆరోగ్య మార్గదర్శకాలు తయారుచేసే నైస్ సంస్థ 2016లో ఇచ్చిన సలహా ప్రకారం నడుము నొప్పికి చేతి చికిత్సను వాడవచ్చు, కానీ వ్యాయామంతో కలిపిన పథకంలో భాగంగానే. ఒంటరిగా కాదు. 2021లో ఫ్రాన్స్‌లో 400 మంది మీద చేసిన పరీక్ష ఫలితాలు వచ్చాయి: సగం మందికి అసలు ఆస్టియోపతి, మిగతా సగానికి చేతులు ఊరికే ఆనించే ఉత్తుత్తి చికిత్స, ఆరేసి సిట్టింగులు. మూడు నెలలకు రోజువారీ పనుల ఇబ్బందిలో తేడా అసలు చికిత్స వైపే మొగ్గింది కానీ, 100 పాయింట్ల కొలబద్ద మీద అది నాలుగు పాయింట్లు కూడా లేదు. మనిషికి తెలిసేంత తేడా కాదది. అంటే ఆస్టియోపతి మొత్తానికి దండగ అని కాదు. నొప్పి కాస్త సడలిన ఆ రెండు మూడు రోజుల వ్యవధిలో మీరు నడక, వ్యాయామం మొదలుపెట్టగలిగితే లాభం అక్కడ నిలుస్తుంది. బల్ల మీద పడుకుని లేచి ఇంటికెళ్ళి మళ్ళీ మంచమెక్కితే నిలవదు.

నడుము, మెడ, భుజం నొప్పులు దాటాక ఆధారాలు త్వరత్వరగా పల్చబడతాయి. మెడ నుంచి పుట్టే తలనొప్పులకు కొంత ఉపయోగం ఉంది. పసిపిల్లల కడుపునొప్పి, చెవిపోటు, నిద్రలేమి, పొట్ట అవయవాలను చేతితో ‘కదిలించడం’ వంటివాటికి చెప్పుకోదగ్గ రుజువు లేదు. తల ఎముకల మధ్య లయ ఉందని, దాన్ని వేళ్ళతో పట్టవచ్చని చెప్పే క్రేనియల్ శాఖను విలియం సదర్లాండ్ 1930లలో ముందుకు తెచ్చాడు. ఒకే మనిషి తల మీద ఇద్దరు నిపుణులు చేతులు పెట్టి లెక్కపెడితే ఆ లయ లెక్కలు కలవడం లేదు. మెత్తగా ఉంటుంది, హాని తక్కువ, చాలామందికి హాయిగా కూడా ఉంటుంది. హాయికి డబ్బు పెట్టడం మీ ఇష్టం, వైద్యమనుకుని పెట్టకండి. కొత్తగా పుట్టిన బిడ్డ పాలు తాగకపోతే, ఆగకుండా ఏడుస్తుంటే పిల్లల డాక్టరు ముందు.

వెళ్ళకూడని సందర్భాలు కొన్ని ఉన్నాయి, ఇవి మిగతా అన్నిటికంటే ముఖ్యం. మలమూత్ర ద్వారాల చుట్టూ, తొడల లోపలి వైపు (జీను మీద కూర్చుంటే ఆనే భాగమంతా) మొద్దుబారడం, మూత్రం రాకపోవడం లేదా తెలియకుండా పోవడం, రెండు కాళ్ళూ బలహీనపడటం కనిపిస్తే వెన్ను అడుగున నరాల గుచ్ఛం నలుగుతోందని అనుమానించాలి. అది గంటల మీద నడిచే ఎమర్జెన్సీ, ఆస్టియోపాత్ అపాయింట్‌మెంట్ కోసం ఆగే పని కాదు. రాత్రిపూట ఏ పక్కకు తిరిగినా తగ్గని నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం, జ్వరం, గతంలో క్యాన్సర్ ఉండటం, కింద పడ్డాక మొదలైన నొప్పి, ఏళ్ళ తరబడి స్టిరాయిడ్లు వాడినవారికి ఒక్కసారిగా వచ్చిన వెన్నునొప్పి, పాదం ఎత్తలేక కాలు ఈడ్చడం: వీటిలో ఏది ఉన్నా ముందు డాక్టరు. ఎముకలు గుల్లబారినవారు, రక్తం పలచబరిచే వార్ఫరిన్ లాంటి మందులు వాడేవారు, రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ ఉన్నవారు కుదుపు చికిత్స చేయించుకోకూడదు. రుమటాయిడ్‌లో మెడ పైపూసల కట్లు వదులై ఉంటాయి, బయటికి తెలియదు.

మెడ విషయం విడిగా చెప్పాలి. మెడలో వెన్నుపూసల గుండా మెదడుకు వెళ్ళే రక్తనాళాలున్నాయి. మెడకు కుదుపు ఇచ్చాక ఆ నాళం లోపలి పొర చిరిగి పక్షవాతం వచ్చిన సంఘటనలు అరుదుగా ఉన్నాయి. ఎంత అరుదో లెక్క తేలడం కష్టం, ఎందుకంటే కొన్నిసార్లు పొర ముందే చిరిగి ఉంటుంది. ఆ చిరుగు తెచ్చిన మెడనొప్పి తగ్గించుకోవడానికే మనిషి చికిత్సకు వస్తాడు. కాబట్టి ఇంతకు ముందెప్పుడూ లేనంత తీవ్రంగా, కొత్త రకంగా మెడనొప్పి, తలనొప్పి వచ్చి, దాంతో తల తిరగడం, ఒకటి రెండుగా కనిపించడం, మాట తడబడటం, మింగలేకపోవడం, నడకలో తూలడం, ముఖం మొద్దుబారడం ఏదైనా ఉంటే ఎవరినీ మెడ ముట్టుకోనివ్వకండి, ఆసుపత్రికి వెళ్ళండి. ఇవేమీ లేకపోయినా మెడకు కుదుపు వద్దని చెప్పే హక్కు మీకుంది. మెడనొప్పికి మెత్తటి పద్ధతులు, వ్యాయామం చాలు; ఆ టక్ శబ్దం కోసం తీసుకోదగిన రిస్కు కాదని నా అభిప్రాయం. ఫ్రాన్స్ చట్టం ఇంకా గట్టిగా ఉంది: డాక్టరు కాని ఆస్టియోపాత్ మెడకు మానిప్యులేషన్ (చేతితో తిప్పే, కుదిపే చికిత్స) చేయాలంటే అడ్డంకి ఏమీ లేదని డాక్టరు సర్టిఫికెట్ ఉండాలి. ఆరు నెలల లోపు బిడ్డ తల, ముఖం, వెన్ను విషయంలోనూ అంతే.

ఇప్పుడు మనిషిని వెతకడం. దేశంలో చట్టబద్ధ రిజిస్టర్ ఉంటే పని సగం అయిపోయినట్టే. బ్రిటన్‌లో 1993 నాటి ఆస్టియోపాత్స్ చట్టం కింద జనరల్ ఆస్టియోపతిక్ కౌన్సిల్ ఏర్పడింది. ఆ రిజిస్టర్‌లో పేరు లేకుండా ఆస్టియోపాత్ అని చెప్పుకోవడం అక్కడ నేరం. పేరు ఉన్నవారు కూడా మూడేళ్ళకోసారి 90 గంటల నిరంతర శిక్షణ చూపాలి. ఆస్ట్రేలియాలో వైద్యవృత్తులను నియంత్రించే ఆప్రా (Ahpra) సంస్థ 2010 నుంచి దేశమంతటికీ ఒకే రిజిస్టర్ నడుపుతోంది. న్యూజీలాండ్‌లో ఆస్టియోపతిక్ కౌన్సిల్ ఉంది. ఫ్రాన్స్‌లో 2002 చట్టం బిరుదుకు గుర్తింపు ఇచ్చింది, ఇప్పుడక్కడ ఐదేళ్ళలో 4,860 గంటల శిక్షణ కావాలి. అమెరికాలోనైతే రాష్ట్ర వైద్య లైసెన్సు బోర్డు వెబ్‌సైటులో చూడాలి.

రిజిస్టర్‌లో వెతికేటప్పుడు క్లినిక్ గోడ మీద ఫ్రేములో ఉన్న కాగితాన్ని ఫొటో తీసుకోవడం కంటే, మీరే రిజిస్టర్ సైటు తెరిచి పేరు, రిజిస్ట్రేషన్ నంబరు కొట్టండి. క్లినిక్ సైటులో ఉన్న లింకు నొక్కకండి. చూడాల్సింది ‘పేరు ఉందా లేదా’ ఒక్కటే కాదు. రిజిస్ట్రేషన్ ఈ రోజుకి చెల్లుతోందా, షరతులు ఏమైనా పెట్టారా (ఉదాహరణకు తోడు మనిషి లేకుండా రోగిని చూడకూడదు అని), సస్పెన్షన్ ఉందా అన్నవి. సంఘాల సభ్యత్వం రిజిస్ట్రేషన్ కాదు. డబ్బు కడితే సభ్యత్వం ఇచ్చే సంఘాలుంటాయి, వాటి ముద్ర ఎంత పెద్దగా ఉంటే అంత అనుమానించాలి.

చట్టబద్ధ రిజిస్టర్ లేని చోట ఎవరైనా ఆస్టియోపాత్ అని బోర్డు పెట్టుకోవచ్చు. అక్కడ కొలబద్దగా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఇచ్చిన శిక్షణ ప్రమాణాలు వాడుకోండి. ముందు వైద్య చదువేమీ లేనివారికి 4,200 గంటలు, అందులో కనీసం 1,000 గంటలు పర్యవేక్షణలో రోగులను చూడటం. ముందే డాక్టరో ఫిజియోథెరపిస్టో అయినవారికి కుదించిన కోర్సు ఉంటుంది, అయినా 1,000 గంటల దాకా. శని, ఆదివారాల కోర్సులు పది చేసి వచ్చిన సర్టిఫికెట్లు గోడ నిండా ఉన్నా కలిపితే 150 గంటలు కూడా రావు. అలాంటి చోట నా సలహా వేరుగా ఉంటుంది: ఆస్టియోపాత్ అనే బోర్డు కోసం వెతక్కండి. లైసెన్సు ఉన్న ఫిజియోథెరపిస్టులలో చేతి చికిత్సలో అదనపు శిక్షణ పొందినవారిని వెతకండి. వాళ్ళు వాడే పద్ధతుల్లో చాలావరకు ఇవే, పైగా తప్పు జరిగితే అడగడానికి ఒక కౌన్సిల్ ఉంటుంది. పేరు మీద మక్కువ పెట్టుకోనక్కర్లేదు.

కైరోప్రాక్టర్ ఇంకొకరు. 1895లో డానియల్ పామర్ అమెరికాలోని డావెన్‌పోర్ట్‌లో మొదలుపెట్టిన శాఖ అది. వెన్నుపూసల మీద, కుదుపు మీద ఎక్కువ ఆధారపడుతుంది. ఈ రోజుల్లో బాగా చదువుకున్న ఆస్టియోపాత్, ఫిజియో, కైరోప్రాక్టర్ ముగ్గురూ నడుము నొప్పికి చేసేది పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తక్కువే. ఒకే శాఖలో మంచివాడికీ చెడ్డవాడికీ ఉన్న తేడా ఎక్కువ.

ఆ తేడా చేతులు వేయకముందే తెలుస్తుంది. మొదటి అపాయింట్‌మెంట్ 45 నిమిషాల నుంచి గంట పట్టాలి. అందులో మొదటి పావుగంట, ఇరవై నిమిషాలు ప్రశ్నలే. నొప్పి ఎప్పుడు మొదలైంది, ఏ పనికి పెరుగుతుంది, రాత్రి లేపుతుందా, మూత్రం సంగతి, పాత జబ్బులు, మందుల జాబితా. మూత్రం గురించి, క్యాన్సర్ గురించి అడగకుండా ‘బోర్లా పడుకోండి’ అంటే అక్కడే లేచి రండి. తర్వాత పరీక్ష: నిలబెట్టి ముందుకు, వెనక్కు, పక్కలకు వంచడం, వెల్లకిలా పడుకోబెట్టి మోకాలు వంచకుండా కాలు ఎత్తి చూడటం, మోకాలి దగ్గర, మడమ దగ్గర చిన్న సుత్తితో తట్టి రిఫ్లెక్స్ (కాలు దానంతటదే కదులుతుందా అని) చూడటం, బొటనవేలు పైకి ఎత్తమని, మడమల మీద నడవమని బలం చూడటం, దూదితోనో వేలితోనో స్పర్శ. కాలులోకి నొప్పి పాకేవారికి సుత్తి బయటికి తీయకుండా చికిత్స మొదలుపెట్టేవాడు నరాన్ని చూడనట్టే.

ఆ తర్వాత మీకు అర్థమయ్యే భాషలో మూడు మాటలు చెప్పాలి: తను ఏమనుకుంటున్నాడు, ఏం చేయబోతున్నాడు, దానివల్ల రాగల ఇబ్బందులేమిటి. అప్పుడు మీ అనుమతి అడగాలి. బట్టలు కొంత తీయాల్సి రావచ్చు కాబట్టి లాగు, వదులు టీషర్టు తీసుకెళ్ళండి. కప్పుకోవడానికి దుప్పటి ఇవ్వాలి, తోడు మనిషిని గదిలో ఉండనివ్వాలి. ‘మా దగ్గర తోడు ఒప్పుకోం’ అనే క్లినిక్‌కి రెండోసారి వెళ్ళనక్కర్లేదు. తుంటి, తొడ లోపలి భాగం ముట్టుకునే ముందు ఎందుకో ముందుగా చెప్పాలి.

ఫోన్‌లో అడగాల్సినవి నాలుగు చాలు. రిజిస్ట్రేషన్ నంబరెంత? ఇలాంటి నొప్పికి మామూలుగా ఎన్ని సిట్టింగులు? వాటిలో మార్పు రాకపోతే ఏం చేస్తారు? వృత్తి బీమా ఉందా? రెండో ప్రశ్నకు ‘మిమ్మల్ని చూశాక చెబుతాను, సాధారణంగా మూడు నుంచి ఆరు’ అన్న జవాబు బాగుంటుంది. మూడో ప్రశ్నకు ‘డాక్టరుకు ఉత్తరం రాసి పంపుతాను’ అనాలి. చూడకముందే 20 సిట్టింగుల ప్యాకేజీ, ఈ రోజే కడితే తగ్గింపు అన్నారంటే అది వైద్యం కాదు, బేరం. ‘మీకొక కాలు పొట్టి’ అని చెప్పి నెలల తరబడి రప్పించడమూ అలాంటిదే. కొద్ది మిల్లీమీటర్ల తేడా చాలామందిలో మామూలుగా ఉంటుంది, నొప్పి లేనివాళ్ళలో కూడా. నొప్పి లేకపోయినా నెలనెలా వచ్చి ‘సర్దించుకోవాలి’ అనేదానికి వెనక ఆధారం లేదు. మీ మాత్రలు ఆపేయమనే అధికారం డాక్టరు కాని ఆస్టియోపాత్‌కి లేదు.

చికిత్స అయ్యాక ఒకటి రెండు రోజులు ఒళ్ళు బరువుగా, కొత్తగా వ్యాయామం చేసినట్టు నొప్పిగా ఉండటం మామూలే. చాలామందికి 24 గంటల్లో, కొందరికి 48 గంటల్లో తగ్గుతుంది. ఆ రోజు బరువులెత్తకుండా, మంచం పట్టకుండా, మామూలుగా నడవండి. మూడో రోజుకీ నొప్పి ముందుకంటే ఎక్కువగా ఉంటే ఫోన్ చేసి చెప్పాలి. తర్వాతి సిట్టింగులో పద్ధతి మార్చాల్సింది వాళ్ళు. ‘విషాలు బయటికి వస్తున్నాయి, మంచిదే’ అని కొట్టిపారేస్తే నమ్మకండి, కండరం పిసికితే విషాలేవీ రావు. కాలు కొత్తగా మొద్దుబారినా, బలం తగ్గినా, మూత్రం ఆగినా ఫోన్ కాదు, ఆసుపత్రి.

మీ విషయంలో, పైన చెప్పిన ప్రమాద సూచనలు ఏవీ లేకపోతే, నాలుగు సిట్టింగులు ప్రయత్నించవచ్చు. వారానికొకటి చొప్పున, తర్వాత ఎడం పెంచుతూ. మొదటి రోజే కొలతకు దొరికే రెండు విషయాలు రాసి పెట్టుకోండి: ఎంతసేపు కూర్చుంటే నొప్పి మొదలవుతోంది, ఆగకుండా ఎంత దూరం నడవగలుగుతున్నారు. ‘కొంచెం బాగున్నట్టుంది’ అన్న మాట బల్ల దిగగానే అందరూ అంటారు, అది కొలత కాదు. నాలుగో సిట్టింగు నాటికి ఆ రెండు అంకెలు కదలకపోతే, లేదా నాలుగు సిట్టింగుల్లో ఇంట్లో చేసే వ్యాయామం ఒక్కటి కూడా చెప్పకపోతే అక్కడ ఆపేయండి. రోజూ నడక మాత్రం ఎవరి అనుమతీ లేకుండా ఈరోజే మొదలుపెట్టవచ్చు: నొప్పి పెరగనంత దూరం, రోజుకు రెండుసార్లు, వారానికి కొద్దికొద్దిగా పెంచుతూ.

మొదటిసారి వెళ్ళేటప్పుడు స్కాన్ ఫిల్ములతో పాటు రిపోర్టు కాగితం, వాడుతున్న మందుల పేర్లు మోతాదులతో సహా, ఇంతకు ముందు ఏ చికిత్సకు ఎంత తగ్గిందో ఒక చీటీ మీద రాసి తీసుకెళ్ళండి. బల్ల మీద పడుకున్నాక ఇవేవీ గుర్తుకు రావు.